ఆరడుగుల నాలుగంగుళాలు

అదిగో, వెళ్లాడు. చూశారా మేడమ్? ప్రభుత్వం వారి సర్వే టేపును కూడా నమ్మడు ఆయన. "మీ టేపు కొస అరిగింది, నా ఇనప టేపు తెస్తాను, పావుగంట ఆగండి" అంటూ సైకిలెక్కి పోయాడు. ఆ టేపేమో రెండు వీధుల అవతల, ఎవరింట్లోనో తలుపులు బిగిస్తూ అక్కడే వదిలేసి వచ్చాడట. పావుగంటంటే అరగంట అనుకోండి. వడ్రంగి చెప్పే పావుగంట అది. పుట్టిన దగ్గర్నుంచీ పక్కింట్లో ఉన్నాను, నాకు తెలీదా?

రండి, లోపల కూర్చోండి. అయ్యో, ఆ కుర్చీ వద్దు, దాని నిండా పిన్నులే. ఈ స్టూలు లాక్కోండి. మీ ఫారం ఆ బల్ల మీద పెట్టుకోండి, గుడ్డముక్కలు పక్కకి తోసెయ్యండి. ఫరవాలేదు, సుద్ద అంటుకుంటే దులిపితే పోతుంది.

ఏమిటలా చూస్తున్నారు? నేను నవ్వుతున్నానా? అవునా? వారం రోజుల నుంచీ ఇదే వరస తల్లీ. మిషను తొక్కుతూ నవ్వుతున్నాను, కూర తరుగుతూ నవ్వుతున్నాను. నిన్న ఒకావిడకి నడుం కొలత తీస్తూ నవ్వాను. ఆవిడ తన నడుం చూసి నవ్వాననుకుని గుడ్డ వెనక్కి పట్టుకుపోయింది. వెనకాల పరిగెత్తి, మీ నడుం కాదమ్మా, నా ఖర్మ అని చెప్పినా విన్లేదు.

ఎందుకో చెప్తాను. చెప్పకపోతే మీ ఫారం నిండదు. ఇవాళ సాయంత్రంలోగా ఒక్క పేరు తేలాలి కదా? తేలకపోతే మా రెండిళ్ల మధ్య ఉన్న ఆ స్థలం ఊరి ఖాతాలో పడి, చెత్తబండ్లు నిలిపే చోటవుతుంది. ఇందాక మీరే అన్నారు.

ఇందాక మీరు కొలుస్తుంటే మీ మొహమే చూస్తున్నాను. నా వైపు ముప్పై ఆరడుగుల ఎనిమిదంగుళాలు. నా కాగితంలో అంతే ఉంది. ఆయన వైపు ముప్పై ఏడడుగులు. ఆయన కాగితంలోనూ అంతే. మధ్యలో ఆరడుగుల నాలుగంగుళాల వెడల్పు, డెబ్భై అడుగుల పొడవు, ఒక నిమ్మచెట్టు, ఒక గుమ్మడి పాదు, రెండు వరసల చిక్కుడు. ఎవరి కాగితంలోనూ లేదు! ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు!

మీరు మళ్లీ కొలిచారు. మళ్లీ అంతే వచ్చింది. మీరు టేపు వంక చూశారు, ఆయనా టేపు వంక చూశాడు. నేను మాత్రం చూడలేదు. నాకు తెలుసు అది ఎక్కణ్ణుంచి వచ్చిందో.

మా నాన్న దర్జీ. వాళ్ల నాన్న వడ్రంగి. ఇద్దరూ కలిసి ఎనభై అడుగుల స్థలం కొన్నారు, చెరి నలభై. రిజిస్ట్రారు ఆఫీసులో గుమస్తా అడిగాడట, ఎవరి వాటా కొలత వాళ్లు చెప్పండి, రాసుకుంటాను అని. గుడ్డ కత్తిరించేవాడు కుట్టుకి వదలకుండా కొలత చెప్తాడా? మీరే చెప్పండి! మా నాన్న అడుగుకి అంగుళం చొప్పున నలభై అంగుళాలు కుట్టుకి వదిలేశాడు. "ముప్పై ఆరడుగుల ఎనిమిదంగుళాలు రాయండి, మిగతాది లోపలికి మడిచేస్తాం" అన్నాడట. భూమిని! మడిచేస్తాడట!

వాళ్ల నాన్న తక్కువ తిన్నాడా? చెక్కని రెండుగా కోస్తే రంపం కొంత తింటుంది. చిత్రిక పడితే ఇంకొంత పోతుంది. ఎండితే చెక్క లోపలికి లాక్కుంటుంది. చేతికొచ్చే చెక్క ఎంతో అంతే చెప్పాలి గానీ గీసిన గీత ఎంతో చెప్తామా అని, ఆయన మూడడుగులు తగ్గించి ముప్పై ఏడు రాయమన్నాడు.

ఒకళ్లు చెప్పింది ఒకళ్లు విని, పక్కవాడు పనితనం తెలిసినవాడని మెచ్చుకుని ఉంటారు కూడా. సంతకాలు పెట్టేసి భుజాల మీద చేతులేసుకుని ఇంటికొచ్చారు. గుమస్తాకి కూడిక చేసే ఓపిక లేదు. స్థలం అమ్మినాయన ఒంటిగాడు, మరుసటేడే పోయాడు. ఇక అడిగేవాడెవడు?

నవ్వండి, నవ్వండి. మీరు నవ్వితే నాకు తోడున్నట్టుంటుంది. కుట్టుకి వదిలిన చోట చిక్కుళ్లు కాయించింది లోకంలో మేమే అనుకుంటా.

ఇన్నాళ్లూ ఎవరికీ ఏ బాధా లేదు. రెండు నెలల కిందట, మధ్య స్థలం ఎవరిదో తేల్చుకోమని మీ ఆఫీసు నోటీసు వచ్చింది చూడండి, అప్పుడు మొదలైంది భాగోతం. ఇద్దరం ఆఫీసుకి పరిగెత్తాం. మీ దగ్గర కళ్లజోడు గుమస్తా ఒకాయన ఉన్నాడే, మాట్లాడుతుంటే కళ్లజోడు ముక్కు కొస దాకా జారుతుంది, ఆయన చెప్పాడు. పన్నెండేళ్ల పైబడి, అందరూ చూస్తుండగా, ఎవరి అనుమతీ లేకుండా వాడుకున్నట్టు రుజువు చేస్తే వాళ్ల పేరు రాస్తామని.

అంటే ఏమిటి? నేను దొంగనని నేనే రుజువు చేసుకోవాలి!

సరే, కానీ అనుకున్నాను. తడిపిన నూలుగుడ్డ పద్నాలుగేళ్లుగా అక్కడే ఆరేస్తున్నానని రాసిచ్చాను. ఆయన పదహారేళ్లుగా చెక్కలు అక్కడే ఎండబెడుతున్నానని రాసిచ్చాడు. నా గుమ్మడి పాదుకి పద్దెనిమిదేళ్లన్నాను. ఆయన నిమ్మచెట్టుకి ఇరవై రెండన్నాడు. చెట్టు నాటింది ఆయనే, కాదన్ను. మరి నీళ్లు పోసిందెవరు?

"మీరు పోసింది నేనడిగితేనే కదా. నా అనుమతి ఉంది కాబట్టి అది లెక్కలోకి రాదు" అన్నాడు ఆయన.

"మీరెక్కడ అడిగారు? నేనే దొంగతనంగా పోశాను" అన్నాన్నేను.

"దొంగతనంగా పోస్తే మరి అందరూ ఎలా చూశారు? అందరూ చూస్తుండగా అని కదా రూలు?"

"అందరూ చూస్తుండగానే దొంగతనంగా పోశాను! పాలావిణ్ణి అడగండి!"

పాలు పోసే ఆవిడ అప్పటికే క్యాను దించి అరుగు మీద చతికిలబడింది. ఇదిగో, ఈ కిటికీకి ఇవతల నేను, అవతల ఆయన, నేను దొంగనంటే నేను ముందు దొంగనని కీచులాడుకుంటున్నాం. చివరికి ఆవిడ లేచి క్యాను ఎత్తుకుంటూ, "ఇద్దర్నీ పట్టుకెళ్లి ఒకే జైల్లో పెడితే సరి" అంది.

చూశారా, మీక్కూడా ఆ మాటే తట్టింది.

ఇది పోట్లాట అనుకునేరు. మా మధ్య ఇంతకంటే ఎక్కువ మాటలు నడిచి చాలా కాలమైంది. చిన్నప్పుడు వేరు. వాళ్ల నాన్న రంపపు పొట్టులో ఇద్దరం దొర్లేవాళ్లం. మా అమ్మ మా ఇద్దర్నీ ఒకే బ్రష్షుతో దులిపేది. తర్వాత ఆయనకి పెళ్లయింది. నాకు కాలేదు. నాన్న చేతులు వణకడం మొదలైతే మిషను నేనెక్కాను. చెల్లెలి పెళ్లి అయిపోయింది. నా సంగతి ఇంట్లో ఎవరో ఒకరు కదుపుతారనుకున్నాను, ఎవరూ కదపలేదు. అదేం ఏడుపు కాదులెండి. పనుండేది.

ఆయన భార్య మంచి మనిషి. ఆవిడ బట్టలన్నీ నేనే కుట్టాను. పోయి తొమ్మిదేళ్లయింది. కూతురు పెళ్లయి వేరే ఊళ్లో ఉంది. ఆవిడ పోయాక ఆయన మాట్లాడ్డం మానేశాడు. చొక్కా బొత్తాం ఊడితే ఆ చొక్కా ఈ కిటికీలోంచి లోపలికి విసిరేసి వెళ్లేవాడు. నేను బొత్తాం కుట్టి కిటికీలోంచే బయటికి విసిరేదాన్ని. రెండేళ్లు అలా చొక్కాలతోనే కబుర్లు. ఒకసారి ఒక చొక్కా మొత్తం బొత్తాలన్నీ ఊడిపోయి వచ్చింది. ఎలా ఊడతాయమ్మా అన్నీ ఒకేసారి? నేను అడగలేదు. కుట్టేశాను.

ఇక పోయిన మంగళవారం సంగతి వినండి.

మిట్టమధ్యాహ్నం. ఒక పెద్దమనిషి చొక్కాకి చేతులు ఎక్కిస్తున్నాను. ఆయన కిటికీ దగ్గరికొచ్చాడు. చెవి మీద పెన్సిలు, చేతిలో మడత అడుగుబద్ద. దాన్ని తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, తెరుస్తున్నాడు.

"ఆఫీసుకెళ్లొచ్చాను. ఫారంలో ఒక్క పేరే పడుతుందట" అన్నాడు.

"తెలుసుగా" అన్నాను.

"ఒకే కుటుంబం అయితే ఇబ్బంది లేదట. ఎవరి పేరు రాసినా ఇద్దరిదీ అవుతుందట."

"అయితే?"

"అయితే ఏముంది, మీరు ఆలోచించండి."

"ఏం ఆలోచించాలి?"

అడుగుబద్ద టప్పున మూశాడు. "అదే. కుటుంబం" అన్నాడు. అని వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ నిమ్మచెట్టు కొమ్మకి తల కొట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ల నుంచి ఉన్న కొమ్మే అది!

నాకేం అర్థం కాలేదు. నిజం. కుటుంబమేమిటి, ఈయన ఏమంటున్నాడు అనుకుంటూ మిషను తొక్కుతూనే ఉన్నాను. కాసేపటికి చూస్తే ఆ పెద్దమనిషి చొక్కాకి రెండు చేతులూ ఒకే వైపు ఎక్కించాను. అప్పుడర్థమైంది.

నవ్వానమ్మా! ఆ చొక్కా ఒళ్లో పెట్టుకుని, కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వాను. వీధిలో వెళ్లేవాళ్లు తొంగిచూశారు. ఇస్త్రీ పెట్టె వెచ్చబెట్టిన సంగతి మర్చిపోయి ఒక కాలరు మాడ్చాను. యాభై నాలుగేళ్లు నాకు! మోకాళ్లకి నూనె రాసుకునే వయసు! నా చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాను. "అక్కా, ఇది సంబంధమా, రిజిస్ట్రేషనా? ముందు అది తేల్చుకో" అంది. అది కూడా నవ్వింది. ఇద్దరం ఫోన్లో ఏమీ మాట్లాడకుండా నవ్వుకున్నాం.

ఫోన్ పెట్టేశాక మాత్రం, ఎక్కడో పిన్ను ఉండిపోయినట్టనిపించింది. కొత్త బట్టలో అలాగే ఉండిపోతుంది ఒక్కోసారి. నిలబడితే తెలీదు. నడిస్తే గుచ్చుకుంటుంది.

ఎందుకంటే ఆయనకి ఆ స్థలం కావాలి. ఊరికే కాదు. పెద్ద రంపం మిషను పెట్టుకుని షెడ్డు వేసుకోవాలని అయిదేళ్లుగా కలవరిస్తున్నాడు. వేరే చోటు లేదు ఆయనకి. చేత్తో కోసి కోసి కుడి భుజం ఎత్తలేకపోతున్నాడు. నాది కాని చోట మేకు కొట్టను అంటాడు, అదొక పిచ్చి ఆయనకి. ఆ పిచ్చి వల్లే ఇన్నాళ్లూ ఆగాడు. మరి అలాంటాయన, సరిగ్గా ఫారంలో ఒక్క గడి ఉందని తెలిసిన రోజున వచ్చి కుటుంబం అన్నాడు. అంతకు ముందు తొమ్మిదేళ్లలో ఏనాడూ అనలేదే!

మీరైతే ఏమనుకుంటారు?

అనకండి. ఏమీ అనకండి. మీ కళ్లలోనే ఉంది.

నా జవాబు సర్వే రోజున చెప్తానన్నాను ఆయనకి. ఇవాళే. అందుకే ఆయన టేపు వంకతో పారిపోయాడు. మీ టేపు బాగానే ఉంది మేడమ్, దానికేం రోగం లేదు.

ఒక్క నిమిషం. పై అరలో ఒక కట్ట ఉంది, మీరు పొడుగ్గా ఉన్నారు, కాస్త అందిస్తారా? ఆ, అదే. పాత పేపర్ కటింగులు. మా నాన్నవి. చొక్కా కుట్టే ముందు కాగితం మీద కత్తిరించి పెట్టుకుంటాం కదా, వీపుకొకటి, చేతికొకటి, కాలరుకొకటి. ఇదిగో, ఇది చెయ్యి. ఫుల్ హ్యాండు. ఈ వీధిలో మగవాళ్ల చేతులు సగం దీని మీద కత్తిరించినవే.

తిప్పి చూడండి.

చదవండి. అది మా నాన్న రాతే. "మధ్యనున్న స్థలంలో నాకు గానీ నా పిల్లలకు గానీ హక్కు లేదు. అందుకు బదులు కత్తిరింపు బల్ల నాకు ముట్టినది. స్థలం యావత్తు వడ్రంగిదే." కింద ఇద్దరి సంతకాలు. కొలతలో పొరపాటు వాళ్లకి తర్వాతెప్పుడో తెలిసినట్టుంది. ఇద్దరూ కూర్చుని తేల్చేసుకున్నారు. ఆ బల్లే ఇది, మీరు మోచెయ్యి ఆనించినది.

ఆకారమా? ఏం చెప్పమంటారు! రాసుకున్నాక కాగితం గట్టిగా కనబడింది, మా నాన్న చెయ్యి ఊరుకోలేదు. చొక్కా చెయ్యి కత్తిరించేశాడు. చంక వంపులో తారీకు ఎగిరిపోయింది. సంతకాలు మాత్రం మణికట్టు దగ్గర భద్రంగా ఉన్నాయి. రిజిస్ట్రేషను లేకపోయినా పాత రాతకోత ఏదైనా ఉంటే చాలు, అదే ఖాయం చేస్తామని మీరే అన్నారు కదా ఇందాక? అన్నారు. ఆయన టేపు గోలలో విన్లేదు, నేను విన్నాను.

నాన్న పోయి ఆరేళ్లయింది. అప్పుడే దొరికింది నాకిది. ఆరేళ్లుగా దాచాను. మీ ఆఫీసులో "నా వద్ద ఏ పత్రమూ లేదు" అని సంతకం కూడా పెట్టాను. ఇప్పుడు నన్నేం చేస్తారో చెయ్యండి.

మొదట్లో ఇచ్చేద్దామనే అనుకున్నాను. ఒట్టు. రేపిస్తా, ఎల్లుండిస్తా అనుకుంటుంటే ఆయన షెడ్డు మాట ఎత్తాడు. షెడ్డు లేస్తే ఈ కిటికీకి గోడ అడ్డమొస్తుంది. వెలుతురు పోతే సూదిలో దారం ఎలా ఎక్కించను, నా బతుకుతెరువు ఏం కాను అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

మీరు అన్నీ కొలిచే మనిషి. ఒక్కసారి ఈ గది కిటికీలు లెక్కపెట్టండి.

మూడు. అవును. వెలుతురంతా వీధి వైపు ఆ రెండిట్లోంచే వస్తుంది.

ఈ మూడో కిటికీలోంచి కనబడేది ఆయన పని బల్ల. పొద్దున్నే వచ్చి ముందు పొట్టు ఊడుస్తాడు. పెన్సిలు వెతుక్కుంటాడు, చెవి మీదే ఉంటుంది. అంతకంటే ఏం లేదు. అది చూడ్డం కోసం ఒక మనిషి షెడ్డు అయిదేళ్లు ఆపాను. భుజం నొప్పితో ఆయన చేత్తో కోస్తుంటే ఇక్కణ్ణుంచి చూస్తూ ఆపాను. ఇప్పుడు నవ్వండి చూద్దాం.

ఏమిటీ? మళ్లీ కట్టలో పెట్టెయ్యమంటారా?

మీరు చూడనట్టే ఊరుకుంటారా? ఆయన వచ్చాక ఒకే కుటుంబం అని రాసేసి పోతారా? అబ్బ! ఎంత చల్లని మనసమ్మా నీది! చూశావా, ఏకవచనం వచ్చేసింది, ఏమీ అనుకోకు.

నేను కూడా అదే అనుకున్నానమ్మా. వారం రోజులూ అదే. కాగితం పొయ్యిలో పడేద్దాం, ఆయన స్థలం కోసం అడిగితే మాత్రం ఏం, ఇంటికైతే వస్తాడుగా అనుకున్నాను. సిగ్గు లేకుండా అనుకున్నాను. ఆ షెడ్డులోకి పన్నెండింటికి మంచినీళ్లు పట్టుకెళ్లడం దాకా ఊహించేశాను. గ్లాసు ఏదో కూడా అనుకున్నాను.

కానీ రోజూ ఆ గ్లాసు అందిస్తూ, వచ్చింది స్థలం కోసమా నా కోసమా అని అడగాలనిపిస్తుంది కదా. నోటితో అడగను, కళ్లతో అడుగుతాను. అది ఆయనకి విసుగు, నాకు విసుగు. వద్దు. ఇప్పుడైతే ఒక్కసారితో తేలిపోతుంది. స్థలం ఆయన చేతిలో పెట్టేశాక, అప్పుడు కూడా వచ్చి ఈ కిటికీ దగ్గర నిలబడి ఆ అడుగుబద్ద తెరుస్తూ మూస్తూ ఉంటే... సరే. నిలబడకపోతే షెడ్డు వేసుకుంటాడు. వేసుకోనియ్యండి. భుజమైనా బాగుపడుతుంది.

రాయండి. ఆయన పేరే. కొట్టివేతలు లేకుండా రాయండి, మళ్లీ మీ కళ్లజోడాయన పేచీ పెడతాడు.

రాశారా?

ఆ చెయ్యి కూడా ఫారానికి కుట్టెయ్యండి, పిన్ను కావాలంటే ఇదిగో. నా దగ్గర వంద ఉన్నాయి.

వచ్చాడు, వచ్చాడు! సైకిలు స్టాండు వేసిన చప్పుడు. అబ్బో, ఆ టేపు ఎత్తిపట్టుకుని రావడం చూడండి, యుద్ధం గెలిచి వస్తున్నట్టు! మళ్లీ నవ్వొస్తోంది నాకు. నోరు మూసుకుంటాను, ఉండండి. మీరు చెప్తారా? వద్దు. వద్దు వద్దు. నేనే చెప్తాను.

మేస్త్రీ గారూ! కొలతలక్కర్లేదు! అయిపోయింది! వీధి చుట్టూ తిరిగి రావడం దేనికి, తోటలోంచే రండి! తొక్కుకుంటూ వచ్చెయ్యండి, ఎవరి అనుమతీ అక్కర్లేదు, అది మీదే! మీ నాన్నగారి నుంచీ మీదే, కాగితం నా దగ్గరే ఉంది, ఇన్నాళ్లూ నేనే దాచాను!

అమ్మయ్య. అనేశాను.

నేను ఇటు తిరిగి కూర్చుంటానమ్మా, నా వల్ల కాదు. మీరు చూసి చెప్పండి. ఆగిపోయాడా? ఎటు చూస్తున్నాడు? తోట వైపా, కిటికీ వైపా?